అంబాసిడర్ ట్యాపెట్ చప్పుడు: అరిగిన రాకర్ షాఫ్ట్, రాకర్లు ఇంటి దగ్గరే మార్చుకోవడం ఎలా

పాత అంబాసిడర్ స్టార్ట్ చేయగానే బోనెట్ కింద నుంచి టకటకమని చప్పుడు వస్తుంటే చాలాచోట్ల ముందు చేసే పని ట్యాపెట్లు బిగించేయడం, అంటే వాల్వ్‌కూ, దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య ఉండాల్సిన సన్నని సందును తగ్గించేయడం. చప్పుడు ఆగుతుంది, ఓనర్ సంతోషంగా ఇంటికి వెళ్తాడు. కొన్ని నెలలకు బండి పికప్ తగ్గుతుంది, ఒక సిలిండర్ మిస్ అవడం మొదలవుతుంది. హెడ్ విప్పి చూస్తే ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు కాలిపోయి ఉంటుంది.

దీనికి కారణం ఉంది. ఎగ్జాస్ట్ వాల్వ్‌కు పట్టిన వేడి ఎక్కువ భాగం అది సీటు మీద ఆనుకుని ఉన్న కాసేపట్లోనే హెడ్‌లోకి, అక్కణ్నుంచి నీళ్లలోకి పోవాలి. సందు లేకుండా బిగిస్తే, ఇంజిన్ వేడెక్కి వాల్వ్ కాడ సాగినప్పుడు వాల్వ్ పూర్తిగా మూసుకోదు. వేడి పోయే దారి ఉండదు, పైగా మంట ఆ సన్నని సందులోంచి దూసుకెళ్తుంది. కాబట్టి చప్పుడు వస్తోందంటే ముందు ఏం అరిగిందో చూడాలి, అరిగినదాన్ని మార్చాలి, ఆ తర్వాతే ట్యాపెట్ సెట్టింగ్. ఈ వరుస తప్పకూడదు.

ఇక్కడ చెప్పేదంతా 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ ఉన్న అంబాసిడర్ గురించి. బ్రిటన్‌లో బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బి-సిరీస్ ఇంజినే ఇది. క్యామ్ షాఫ్ట్ కింద బ్లాక్‌లో ఉంటుంది. దాని మీద ట్యాపెట్లు, వాటి మీద పొడవాటి పుష్‌రాడ్లు, పైన హెడ్ మీద, ఒక షాఫ్ట్ మీద తూగుతూ వాల్వ్‌లను నొక్కే రాకర్లు. తర్వాత వచ్చిన ఇసుజు 1.8 ఇంజిన్‌లో క్యామ్ పైనే ఉంటుంది, డీజిల్ లెక్కలు వేరు. ఆ బండ్లకు ఇది వర్తించదు. ఉత్తరపారా ఫ్యాక్టరీ 2014 మేలో ఆగిపోయినా ఈ పెట్రోల్ ఇంజిన్‌కు స్పేర్లు ఇంకా దొరుకుతాయి. పుష్‌రాడ్ ఇంజిన్ కాబట్టి టైమింగ్ చైన్ ముట్టుకోకుండానే పైభాగమంతా విప్పొచ్చు. ఇంటి దగ్గర సొంతంగా నేర్చుకోవడానికి ఇంతకంటే అనువైన ఇంజిన్ నాకు తెలిసి లేదు.

ముందు సామాన్లు

ఈ ఇంజిన్ నట్లు మిల్లీమీటర్ కొలతలవి కావు, అంగుళాలవి. మీ దగ్గరున్న మామూలు పానాల సెట్ తీసుకుని మొదలుపెట్టకండి. హెడ్ నట్లకు 9/16 ఏఎఫ్ పానా కావాలి (ఏఎఫ్ అంటే నట్టు ఎదురెదురు ముఖాల మధ్య వెడల్పు, అంగుళాల్లో). అది 14.29 మిల్లీమీటర్లు. 14 నంబర్ ఎక్కదు, 15 నంబర్ వదులుగా ఆడి నట్టు మూలలు కొట్టేస్తుంది. రాకర్ బ్రాకెట్ల చిన్న నట్లకూ, ట్యాపెట్ లాక్ నట్లకూ 1/2 ఏఎఫ్ కావాలి. రింగ్ పానాలూ, సాకెట్లూ రెండూ ఈ సైజుల్లో కొనండి. విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో పాత టూల్స్ షాపుల్లో అడిగితే ఏఎఫ్ సెట్లు దొరుకుతాయి.

టార్క్ రెంచ్ తప్పనిసరి. కొనలేకపోతే అద్దెకో, తెలిసిన మెకానిక్ దగ్గర ఒక రోజుకో తెచ్చుకోండి. హెడ్ నట్లు చేతి అంచనాతో బిగించే పని పెట్టుకోవద్దు. ఫీలర్ గేజ్, పెద్ద స్క్రూడ్రైవర్, నోస్ ప్లయర్, కిరోసిన్, శుభ్రమైన నూలు గుడ్డలు, కొత్త ఇంజిన్ ఆయిల్, ట్యాపెట్ కవర్‌కు (రాకర్ల మీది మూత) కొత్త కార్క్ గ్యాస్కెట్ ఉండాలి. హెడ్ గ్యాస్కెట్ కూడా ఒకటి కొని పక్కన పెట్టుకోండి. హెడ్ లేపకపోతే దాని అవసరం సాధారణంగా రాదు. కానీ ఆదివారం సాయంత్రం అవసరం పడితే ఏ షాపూ తెరిచి ఉండదు.

చప్పుడు ఎక్కడిదో పట్టుకోవడం

ట్యాపెట్ చప్పుడు క్రాంక్ వేగంలో సగం వేగంతో వస్తుంది. అందుకే ఐడిల్‌లో అది విడివిడిగా, లెక్కపెట్టగలిగేలా వినిపిస్తుంది. కింద నుంచి బరువుగా, లోడ్ మీద గట్టిగా కొట్టే చప్పుడైతే అది బేరింగ్‌దో పిస్టన్‌దో. దానికి ఈ రిపేర్ పనికిరాదు.

ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ట్యాపెట్ కవర్ జాగ్రత్తగా తీయండి. కాస్త ఆయిల్ చిందుతుంది, వేడి మానిఫోల్డ్ మీద పడకుండా గుడ్డ పరవండి. వదులు బట్టలు, చేతి గొలుసు, మెడలో తువ్వాలు ఏవీ ఉండకూడదు, ఫ్యాన్ ముందే తిరుగుతూ ఉంటుంది. ఇప్పుడు రెండు విషయాలు చూడాలి. మొదటిది, ప్రతి రాకర్ దగ్గరా ఆయిల్ ఊరుతోందా? ఒకటి రెండు రాకర్లు పొడిగా ఉంటే షాఫ్ట్ లోపలి ఆయిల్ దారి మూసుకుపోయిందన్నమాట. అవే ముందు అరుగుతాయి. రెండోది, పల్చటి ఫీలర్ బ్లేడును ఒక్కో రాకర్‌కూ వాల్వ్ కాడకూ మధ్య దూర్చి చూడండి. ఏ రాకర్ దగ్గర దూర్చినప్పుడు చప్పుడు మారితే దోషం అక్కడుంది.

ఇంజిన్ ఆపి, చల్లారాక ఇంకో పరీక్ష. వాల్వ్ మూసుకుని ఉన్న రాకర్‌ను రెండు వేళ్లతో పట్టుకుని షాఫ్ట్‌కు అడ్డంగా, అంటే పైకీ కిందకీ ఆడించండి. ట్యాపెట్ సందు వల్ల రాకర్ తూగడం మామూలే, దాన్ని పట్టించుకోకండి. రాకర్ మొత్తంగా షాఫ్ట్ మీద లేస్తూ పడుతూ ఉంటే బుష్ (రాకర్ లోపలి గొట్టం), షాఫ్ట్ అరిగినట్టే.

విప్పడం

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి, రాత్రంతా వదిలేసి పొద్దున్నే మొదలుపెట్టడం మేలు. బ్యాటరీ టెర్మినల్ తీసేయండి. స్పార్క్ ప్లగ్‌లు నాలుగూ విప్పేయండి, ఇంజిన్ చేత్తో తిప్పడం తేలికవుతుంది.

తర్వాత రేడియేటర్‌లో నీళ్లు, బ్లాక్ డ్రెయిన్ ట్యాప్ నుంచి నీళ్లు పూర్తిగా వదిలేయాలి. రాకర్ల పనికి నీళ్లెందుకు వదలాలి అనిపిస్తుంది. ఈ ఇంజిన్‌లో ముఖ్యమైన కిటుకు ఇదే. రాకర్ షాఫ్ట్‌ను నాలుగు బ్రాకెట్లు మోస్తాయి. ఒక్కో బ్రాకెట్‌కు ఒక చిన్న నట్టు, ఒక పెద్ద నట్టు ఉంటాయి. ఆ నాలుగు పెద్ద నట్లూ నిజానికి హెడ్ నట్లే. హెడ్‌ను ఒకవైపు ఈ నాలుగూ, మరోవైపు మిగతా నట్లూ పట్టుకుని ఉంటాయి. మీరు ఒకవైపు నట్లు మాత్రమే వదులు చేస్తే హెడ్ ఒకవైపు లాగుకుని వంగే ప్రమాదం ఉంది. గ్యాస్కెట్ పట్టు సడలి, నీళ్లు సిలిండర్‌లోకో ఆయిల్‌లోకో దిగొచ్చు. అందుకే నీళ్లు వదిలేసి, హెడ్ నట్లన్నిటినీ వదులు చేశాకే బ్రాకెట్లు తీయాలి. ఈ సంగతి తెలియక బ్రాకెట్ నట్లు మాత్రమే విప్పి, తర్వాత ఆయిల్ పాలరంగులోకి ఎందుకు మారిందో అర్థం కాక తల పట్టుకునేవాళ్లు ఉన్నారు.

విప్పే ముందు ఫోన్‌తో పైనుంచీ, పక్కలనుంచీ ఫొటోలు తీసుకోండి. రాకర్లకు పుష్‌రాడ్ వైపు చివర ఉండే ట్యాపెట్ స్క్రూల లాక్ నట్లు వదులు చేసి స్క్రూలన్నీ బాగా వెనక్కి తిప్పేయండి. దీంతో వాల్వ్ స్ప్రింగుల ఒత్తిడి షాఫ్ట్ మీద చాలావరకు తగ్గుతుంది. ఇప్పుడు హెడ్ నట్లన్నిటినీ ఒక వరుసలో, ఒక్కోటి పావు చుట్టు చొప్పున వదులు చేస్తూ వెళ్లండి. బిగించే వరుస మధ్య నుంచి అంచులకు పోతుంది, విప్పేటప్పుడు దానికి తిరగేసి అంచుల నుంచి మధ్యకు రావాలి. ఒకే నట్టును ఒక్కసారిగా విప్పేయకండి. అన్నీ వదులయ్యాక బ్రాకెట్ల చిన్న నట్లు కూడా అలాగే కొంచెం కొంచెంగా విప్పాలి. ఏదో ఒక వాల్వ్ తెరుచుకునే ఉంటుంది కాబట్టి దాని స్ప్రింగ్ ఒకవైపు షాఫ్ట్‌ను పైకి తోస్తుంది. తొందరపడితే షాఫ్ట్ వంగుతుంది.

నట్లన్నీ వచ్చాక షాఫ్ట్, బ్రాకెట్లు, రాకర్లు అన్నీ ఒకే ముక్కగా నిటారుగా పైకి లేపండి. ఒక బ్రాకెట్‌కు షాఫ్ట్ తిరగకుండా ఆపే చిన్న స్క్రూ, లాక్ ప్లేటు ఉంటాయి. అవి ఏ బ్రాకెట్‌వో గుర్తు పెట్టుకోండి.

తర్వాత పుష్‌రాడ్లు. ప్రతి రాడ్‌నూ పైకి లాగే ముందు కాస్త తిప్పి, అటూ ఇటూ ఊపండి. కింద రాడ్ చివరా ట్యాపెట్టూ మధ్యనున్న ఆయిల్ పట్టు వల్ల ట్యాపెట్ కూడా రాడ్‌తో పాటు లేచి, సగంలో జారి పక్కకు పడే అవకాశం ఉంది. తిప్పితే ఆ పట్టు వదులుతుంది. చెప్పుల అట్టపెట్టె మూతకు ఎనిమిది చిల్లులు పొడిచి, రేడియేటర్ వైపు నుంచి 1 నుంచి 8 వరకు నంబర్లు వేసి రాడ్లను అదే వరుసలో గుచ్చండి. రాడ్లు వచ్చేసిన రంధ్రాల్లో వెంటనే గుడ్డ ముక్కలు కుక్కేయండి. ఒక చిన్న వాషర్ అందులోంచి కిందకు పోతే సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ తొట్టి) విప్పాల్సి రావచ్చు.

అరుగుదల చూడటం

ఇక్కడ నిదానంగా ఉండాలి. మొత్తం పనిలో తెలివి వాడాల్సిన చోటు ఇదే.

షాఫ్ట్ చివర్ల స్ప్లిట్ పిన్నులు తీసి, వాషర్లు, రాకర్లు, మధ్య స్ప్రింగులు, బ్రాకెట్లు ఒక్కొక్కటే జారుస్తూ అదే వరుసలో ఒక పాత పేపర్ మీద పరవండి. అన్నిటినీ కిరోసిన్‌లో కడగండి. షాఫ్ట్ చివరనున్న ప్లగ్ తీసి, లోపలికి పొడవాటి తీగకు గుడ్డ చుట్టి దూర్చి తిప్పండి. ఏళ్ల తరబడి పేరుకున్న నల్లటి మడ్డి బయటకు వస్తుంది. ఆయిల్ రంధ్రాలు ఒక్కొక్కదాన్నీ సన్నని తీగతో పొడిచి శుభ్రం చేయండి.

ఇప్పుడు షాఫ్ట్‌ను తిరగేసి అడుగువైపు చూడండి. పైనుంచి చూస్తే కొత్తదానిలా మెరుస్తూ ఉంటుంది, అరుగుదల అంతా అడుగునే. ఒకవైపు పుష్‌రాడ్, మరోవైపు వాల్వ్ స్ప్రింగ్, రెండూ రాకర్‌ను పైకే తోస్తాయి. కాబట్టి రాకర్ బుష్ షాఫ్ట్ అడుగున రాసుకుంటుంది. గోటిని షాఫ్ట్ పొడవునా మెల్లగా లాగండి. రాకర్ ఉండే చోటుకు వచ్చేసరికి గోరు ఒక మెట్టు దిగినట్టు తగిలితే ఆ షాఫ్ట్ మార్చాల్సిందే. కొత్త షాఫ్ట్ వ్యాసం 15.85 నుంచి 15.87 మిల్లీమీటర్లు. మైక్రోమీటర్ ఉన్నవాళ్లు రాకర్ కూర్చునే చోటా, అరగని చోటా కొలిచి పోల్చుకోవచ్చు.

అరిగిన షాఫ్ట్‌ను సగం తిప్పి, అరగని వైపు కిందకు వచ్చేలా బిగించేద్దామని కొందరు సలహా ఇస్తారు. ఆ పని చేయకండి. ఆయిల్ రంధ్రాలు ఉండాల్సిన దిశ మారిపోతుంది. ఒత్తిడి పడేచోటికి ఆయిల్ అందక, మిగిలిన లోహం కూడా త్వరలోనే పోతుంది.

తర్వాత రాకర్ ముక్కు, అంటే వాల్వ్ కాడను నొక్కే చోటు. ఫీలర్ గేజ్ మోసం చేసేది ఇక్కడే. ఏళ్లు గడిచాక వాల్వ్ కాడ ఆ ముక్కులో ఒక గుంట చేస్తుంది. గుంట వెడల్పు కాడ వెడల్పంతే. ఫీలర్ బ్లేడ్ వెడల్పుగా ఉంటుంది కాబట్టి గుంటలోకి దిగదు, దాని రెండు అంచుల మీద వంతెనలా నిలుస్తుంది. గేజ్ ప్రకారం 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) సందు సరిపోయినట్టే ఉంటుంది, కానీ అసలు సందు అందులో గుంట లోతు కలుపుకుని ఎక్కువే. సెట్టింగ్ ఎన్నిసార్లు చేసినా చప్పుడు పోవడం లేదంటే చాలాసార్లు కారణం ఇదే. రాకర్ ముక్కును వెలుతురుకు అడ్డంగా పట్టుకుని, ఒక స్టీలు స్కేలు అంచు దాని మీద ఆనించి చూడండి. స్కేలు కింద వెలుతురు కనిపిస్తే గుంట ఉంది.

కొద్దిపాటి గుంటను వాల్వ్ గ్రైండింగ్ మెషిన్ ఉన్న షాపులో సరిచేయించవచ్చు. వాళ్లకు ముక్కు వంపు చెడకుండా రుద్దే ఏర్పాటు ఉంటుంది. ఇంట్లో బెంచ్ గ్రైండర్ మీద చేత్తో రుద్దితే వంపూ పోతుంది, పైపొర గట్టిదనమూ పోతుంది. లోతుగా ఉంటే రాకర్ మార్చేయండి.

రాకర్ బుష్‌లు కంచువి. కొత్త షాఫ్ట్ వేస్తూ పాత బుష్‌లు ఉంచేస్తే సగం పనే అవుతుంది, చప్పుడు మళ్లీ మొదలవుతుంది. బుష్‌లను ప్రెస్ మీద తీసి, కొత్తవి ఎక్కించి, రీమర్‌తో లోపలి వ్యాసం 15.89 నుంచి 15.90 మిల్లీమీటర్లకు తేవాలి. ఇది లేత్ షాపు పని. షాపుకు వెళ్లేటప్పుడు కొత్త షాఫ్ట్ కూడా తీసుకెళ్లండి, దాన్ని పెట్టి చూసే రీమర్ నడపాలి. ఆయిల్ రాసిన షాఫ్ట్ మీద రాకర్ తన బరువుతోనే నెమ్మదిగా తిరగాలి, కానీ పైకీ కిందకీ కదలిక చేతికి తెలియకూడదు. లేత్ షాపు వాళ్లకు ఇంకో మాట గట్టిగా చెప్పండి: కొత్త బుష్‌కు ఆయిల్ రంధ్రాలు వేయాలి, అవి రాకర్‌లోని రంధ్రాలతో కలవాలి. ఇంటికి తెచ్చాక ప్రతి రాకర్‌లోనూ సన్నని తీగ దూర్చి దారి ఉందో లేదో మీరే చూసుకోండి. ఈ ఒక్క రంధ్రం మర్చిపోతే కొత్త బుష్ కొద్ది రోజుల్లోనే పట్టేస్తుంది. ఇదంతా తలనొప్పి అనుకుంటే బుష్‌లు వేసి ఉన్న రాకర్ల సెట్టు దొరుకుతుందేమో అడగండి. స్థానికంగా దొరక్కపోతే కోల్‌కతా మల్లిక్ బజార్ పాత కార్ల సామాన్లకు పేరున్న చోటు.

పుష్‌రాడ్లను ఒక అద్దం ముక్క మీద దొర్లించండి. ఎగుడుదిగుడుగా దొర్లితే వంగింది, పారేయండి. సరిచేయడానికి కొట్టకండి. రాడ్ పై చివర గిన్నెలా ఉంటుంది, అందులో ట్యాపెట్ స్క్రూ గుండు కూర్చుంటుంది. రెండిటిలో ఒకటి గరుకెక్కితే రెండోదీ పాడై ఉంటుంది, జతగా మార్చండి.

ట్యాపెట్లు చూడాలా వద్దా

ఇవి బ్లాక్ పక్కన, మానిఫోల్డ్ వైపున్న రెండు సైడ్ కవర్ల వెనక ఉంటాయి. కార్బురేటర్, మానిఫోల్డ్ తీస్తేగానీ చేయి పోదు. రాకర్లు, షాఫ్ట్ బాగా అరిగినట్టు కనిపించి, పుష్‌రాడ్లు బాగుంటే నేనైతే సైడ్ కవర్లు ముట్టుకోను. రాకర్లన్నీ బాగుండి కూడా చప్పుడు ఉంటే మాత్రం తప్పదు.

ట్యాపెట్లను ఒక్కొక్కటే పైకి తీసి, నంబర్ వేసిన గిన్నెల్లో పెట్టండి. ఏ ట్యాపెట్ ఏ క్యామ్ ముక్క (క్యామ్ షాఫ్ట్ మీది ఉబ్బు) మీద అరిగిందో మళ్లీ దాని మీదే కూర్చోవాలి. అడుగు భాగం నున్నగా, మధ్యలో గుండ్రటి రుద్దుడు గుర్తుతో ఉంటే మంచిది. అది తిరుగుతూ పనిచేసిందని అర్థం. చిన్న చిన్న గుంటలు పడినా, మధ్యలో పల్లం ఏర్పడినా పోయినట్టే. అప్పుడు టార్చ్ వేసి ఆ సందులోంచి క్యామ్ ముక్కను చూడండి. దాని మొన కూడా గరుకుగా, మొద్దుగా అరిగి ఉంటే ఇంటి పని ఇక్కడితో ఆపండి. క్యామ్ తీయాలంటే రేడియేటర్, టైమింగ్ కవర్, డిస్ట్రిబ్యూటర్ డ్రైవ్ అన్నీ విప్పాలి. అరిగిన క్యామ్ మీద కొత్త ట్యాపెట్లు వేస్తే కొత్తవీ త్వరలోనే పోతాయి.

సైడ్ కవర్లు తిరిగి వేసేటప్పుడు కొత్త కార్క్ గ్యాస్కెట్ వేసి, బోల్టు మెల్లగా బిగించండి. అతిగా బిగిస్తే కవర్ మధ్యలో లొట్టపడి అంచుల నుంచి ఆయిల్ కారుతుంది. అంబాసిడర్ల కింద నేల మీద కనిపించే ఆయిల్ చుక్కల్లో చాలావాటికి పుట్టిల్లు ఆ వెనక సైడ్ కవరే.

పొగ కూడా ఉంటే

పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు నీలిపొగ కొట్టే బండి అయితే, రాకర్లు విప్పి ఉన్న ఇదే సమయంలో వాల్వ్ కాడల మీది రబ్బర్ ఓ-రింగులు కూడా మార్చేయొచ్చు. పుష్‌రాడ్లు తీసేశాం కాబట్టి వాల్వ్‌లన్నీ మూసుకునే ఉంటాయి. పిస్టన్ కొంచెం కిందకున్నప్పుడు ప్లగ్ రంధ్రంలోంచి నైలాన్ తాడు కొసను బయట ఉంచి మిగతాది లోపలికి పంపి, స్టార్టింగ్ హ్యాండిల్‌తో పిస్టన్‌ను మెల్లగా పైకి తెస్తే తాడు వాల్వ్‌ను కింద నుంచి పట్టుకుంటుంది. అప్పుడు స్ప్రింగ్ నొక్కి, దాన్ని కాడకు పట్టి ఉంచే వాల్వ్ లాకులు తీసి, పాత రింగు తీసేయండి. కొత్త రింగును ఆయిల్‌లో ముంచి, స్ప్రింగ్ నొక్కి ఉండగానే ఎక్కించాలి, తర్వాతే లాకులు. వరుస మారితే రింగు నలిగిపోతుంది. లాకులు చిన్నవి, ఎగిరిపోతాయి. ఒక్కో వాల్వ్ పూర్తిచేశాకే ఇంకో దానికి వెళ్లండి.

తిరిగి బిగించడం

ప్రతి భాగానికీ ఆయిల్ ధారాళంగా రాసి, పరిచిన వరుసలోనే షాఫ్ట్ మీద ఎక్కించండి. షాఫ్ట్ ఆపే స్క్రూ దాని రంధ్రంలోనే కూర్చోవాలి. అది కూర్చుంటే ఆయిల్ రంధ్రాల దిశ దానంతటదే సరిపోతుంది. స్ప్లిట్ పిన్నులు కొత్తవి వాడండి.

రంధ్రాల్లోని గుడ్డలు లెక్కపెట్టి తీసేయండి. పుష్‌రాడ్లు వాటి వాటి స్థానాల్లో దించి, కింద ట్యాపెట్‌లో కూర్చున్నాయని వేళ్లతో తిప్పి తెలుసుకోండి. ట్యాపెట్ స్క్రూలన్నీ వెనక్కి తిప్పి ఉన్నాయో లేదో మళ్లీ చూసి, రాకర్ అసెంబ్లీ దించండి. ప్రతి స్క్రూ గుండు దాని పుష్‌రాడ్ గిన్నెలో పడాలి. ఒక్కటి పక్కకు ఉన్నా బిగించేటప్పుడు రాడ్ వంగిపోతుంది.

నట్లన్నీ ముందు చేత్తో, తర్వాత పానాతో కొద్దికొద్దిగా సమంగా దించండి. అప్పుడు టార్క్ రెంచ్. హెడ్ నట్లు మధ్య నుంచి అంచులకు, మూడు విడతలుగా బిగించాలి. ఈ ఇంజిన్ రకాల్లో హెడ్ నట్ల టార్క్ 40 నుంచి 50 పౌండ్-అడుగుల మధ్య ఉంటుంది. మీ మోడల్ మాన్యువల్‌లో ఉన్న అంకెనే వాడండి. బ్రాకెట్ల చిన్న నట్లకు 25 పౌండ్-అడుగులు, అంటే దాదాపు 3.5 కేజీ-మీటర్లు.

ట్యాపెట్ సెట్టింగ్

హెడ్ టార్క్ పూర్తయ్యాకే ఇది చేయాలి, ముందు చేస్తే హెడ్ దిగినప్పుడు సందు మారిపోతుంది. సందు 15 థౌ, అంటే 0.38 మిల్లీమీటర్లు. ఇన్లెట్‌కూ ఎగ్జాస్ట్‌కూ అదే.

రేడియేటర్ వైపు నుంచి వాల్వ్‌లకు 1 నుంచి 8 వరకు నంబర్లు. 1, 4, 5, 8 ఎగ్జాస్ట్, మిగతావి ఇన్లెట్. ఇంజిన్ తిప్పడానికి స్టార్టింగ్ హ్యాండిల్ ఉంది కాబట్టి పని సులువు. తొమ్మిది లెక్క గుర్తుంచుకోండి: పూర్తిగా తెరుచుకున్న వాల్వ్ నంబరు, మీరు సెట్ చేయాల్సిన వాల్వ్ నంబరు కలిపితే తొమ్మిది రావాలి. ఇంజిన్ ఒకే దిశలో తిప్పుతూ వెళ్తే వరుస ఇలా వస్తుంది:

8 తెరుచుకున్నప్పుడు 1
6 తెరుచుకున్నప్పుడు 3
4 తెరుచుకున్నప్పుడు 5
7 తెరుచుకున్నప్పుడు 2
1 తెరుచుకున్నప్పుడు 8
3 తెరుచుకున్నప్పుడు 6
5 తెరుచుకున్నప్పుడు 4
2 తెరుచుకున్నప్పుడు 7

బ్లేడ్‌ను లాగితే కాస్త పట్టినట్టు రావాలి, గుంజాల్సిన అవసరం రాకూడదు. స్క్రూడ్రైవర్‌తో స్క్రూను కదలకుండా పట్టుకుని, రింగ్ పానాతో లాక్ నట్టు బిగించండి. బిగించాక మళ్లీ బ్లేడ్ పెట్టి చూడండి, నట్టు బిగిసేటప్పుడు స్క్రూ కొంచెం తిరిగి సందు మారడం మామూలే. బిగుతుగా ఉందా, వదులుగా ఉందా అని సందేహం వస్తే కాస్త వదులు వైపే ఉంచండి. వదులుగా ఉంటే చప్పుడు వస్తుంది, బిగుతుగా ఉంటే వాల్వ్ కాలుతుంది.

స్టార్ట్ చేసే ముందు

డ్రెయిన్ ట్యాపులు మూసి, కూలెంట్ నింపండి. పాత ఆయిల్ మార్చి 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ పోయండి. రాకర్ల మీద కూడా డబ్బాతో ధారగా పోయండి. బ్యాటరీ కలిపి, ప్లగ్‌లు ఇంకా బయటే ఉంచి, కాయిల్ వైరు తీసేసి, స్టార్టర్‌తో కొద్ది సెకన్ల చొప్పున ఆగి ఆగి తిప్పండి. ఆయిల్ ప్రెషర్ వచ్చాక ప్రతి రాకర్ దగ్గరా ఆయిల్ ఊరుతోందో లేదో ట్యాపెట్ కవర్ తీసి ఉండగానే కళ్లారా చూడండి. పొడిగా ఉన్న రాకర్ ఒక్కటి కనిపించినా ఇంజిన్ స్టార్ట్ చేయకండి, మళ్లీ విప్పి దారి చూడాల్సిందే.

ట్యాపెట్ కవర్ కార్క్ గ్యాస్కెట్‌ను కవర్ వైపు మాత్రమే అంటించండి. హెడ్ వైపు గ్రీజు రాస్తే వచ్చేసారి చిరగకుండా వస్తుంది. పైనున్న నట్ల కింద రబ్బర్ వాషర్లు గట్టిపడి ఉంటే మార్చండి.

పాత ట్యాపెట్లే ఉంటే స్టార్ట్ చేసి మామూలుగా వేడెక్కనివ్వండి. క్యామ్ బాగుండి ట్యాపెట్లు కొత్తవి వేసి ఉంటే మాత్రం ఐడిల్‌లో ఉంచకూడదు. అవి వేసేటప్పుడే అడుగున అసెంబ్లీ గ్రీజు రాసి ఉండాలి. స్టార్ట్ అయిన వెంటనే దాదాపు 2000 ఆర్‌పీఎం మీద 20 నిమిషాలు నడపాలి, అప్పుడే కొత్త ట్యాపెట్, క్యామ్ ఒకదానికొకటి సర్దుకుంటాయి. ఈలోగా టెంపరేచర్ మీటర్ మీద కన్నేసి ఉంచండి, హెడ్ అంచుల వెంట నీటి చెమ్మ ఉందేమో చూడండి.

మొదటి రోజు చిన్న రౌండ్ వేసి, మరుసటి పొద్దున్నే డిప్‌స్టిక్ తీసి ఆయిల్ రంగు, రేడియేటర్‌లో నీటి మట్టం చూడండి. సుమారు 800 కిలోమీటర్లు నడిచాక ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు హెడ్ నట్లు అదే వరుసలో టార్క్ రెంచ్‌తో సరిచూసి, ట్యాపెట్ సందు మరొక్కసారి సెట్ చేయండి. కొత్త బుష్‌లు, కొత్త రాకర్లు ఆపాటికి కూర్చుని ఉంటాయి కాబట్టి ఒకటి రెండు వాల్వ్‌ల దగ్గర కొద్దిగా తేడా కనిపించడం సహజం.